మంచులో రెండు జతలు

ఏవండీ,

మొన్న మీ సంవత్సరీకం భోజనాలయ్యాక, మీతో జపాన్ వెళ్ళే మీ ఆఫీసు మూర్తి ఇక్కడ నోవైలో మన ఇంట్లో ప్రొజెక్టర్ పెట్టి అక్కడి స్లైడ్లు చూపించాడు.

ఇక్కడ ఇంటి ముందు డ్రైవ్‌వేలో మంచు ఎత్తమంటే నడుం పట్టేసిందనే మనిషి, ప్రతి జనవరిలో ఆఫీసు పని అయిపోయాక కూడా అక్కడి మంచు చూడ్డానికి ఆగిపోతే నేను నమ్మాలా? తిరిగొచ్చాక మీ పెట్టె తెరిస్తే టపాసులు కాల్చిన వాసన వచ్చేది. అడిగితే నవ్వేవారు.

ఆ వాసన సంగతి మొన్న తేలింది. ఒక స్లైడ్‌లో, గంధకం కలిసిన వేడినీళ్ళ గుంటలో, తల మీద మంచు పడుతుంటే, మీరు మెడదాకా మునిగి కూర్చున్నారు. అంత హాయిగా మిమ్మల్ని ఈ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. తర్వాతి స్లైడ్‌లో మీరు దిగే సత్రం గుమ్మం ముందు మంచులో రెండు జతల చెక్క చెప్పులున్నాయి. ఒక జత పెద్దది, ఒకటి చిన్నది.

"ఆగు మూర్తీ, ఆ చిన్నవి ఎవరివి?" అన్నాను.

మూర్తి గొంతు సవరించుకున్నాడు. అదే నాకు నచ్చలేదు.

"మీవే వదినగారూ. రిటైరయ్యాక మిమ్మల్ని తీసుకొస్తానని కొని, సత్రం ఆవిడ దగ్గర ఉంచారు. వెళ్ళినప్పుడల్లా తన చెప్పుల పక్కన పెట్టించేవారు."

స్నేహితుడు మీ మీద మాట రానిస్తాడా? అందుకే జనవరికి టికెట్ బుక్ చేయించాను. ఆ చెప్పులు నా కాలికి పట్టకపోతే అప్పుడు చెప్తాను మీ సంగతి.