సలోమి ప్రార్థనకు మేమూ ఆమెన్ అన్నాం

గాజువాక,
బుధవారం

తమ్ముడు ప్రభాకర్‌కు, మరదలు లీలకు, పిల్లలకు ప్రభువు పేరిట పెద్దక్క దీవెనలు.

ఆయన దయవల్ల ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం. చోడవరంలో మీరంతా బాగున్నారని తలుస్తాను. చిన్నమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నూనె రాయడం మానొద్దని చెప్పు. పిల్లల పరీక్షలు అయిపోయాయా?

ఫోన్ ఉండగా ఉత్తరం దేనికి అనుకుంటావు. ఫోన్‌లో నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. ఈసారి నువ్వు వినాలి. అందుకే రాసి, రేపు చోడవరం బస్సెక్కుతున్న మా చర్చి ఆవిడ చేతికి ఇస్తున్నాను.

ఇక్కడికి వచ్చి ఏడాది కావస్తోంది. హాస్టల్లో వంట పని అలవాటైంది. మీ బావకి గేటు దగ్గర డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. అబ్బాయి శామ్యూల్ కంపెనీ నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఎండకంటే ఉక్క ఎక్కువ. ఆరేసిన బట్టలు దులిపితే నల్లటి దుమ్ము రాలుతుంది. కూరగాయలన్నీ దొరుకుతాయి, మనూరి రుచి లేదు. వీధిలో అందరూ మంచివాళ్ళే, కానీ ఎవరి తలుపు వాళ్ళది. మధ్యాహ్నం బైబిలు పైకి చదువుకుంటాను, ఇంట్లో ఒక గొంతు వినపడాలని. మాకే ఇబ్బందీ లేదు, బెంగ పెట్టుకోకు.

ఇప్పుడు ఇంటి సంగతి.

నీ స్నేహితుడు జోసెఫ్‌కి ఇక్కడున్న ఇల్లు మాకు చూపించినవాడివి నువ్వే. మాట కుదిర్చినవాడివీ నువ్వే. అడ్వాన్సు ఇచ్చాం, అగ్రిమెంటు రాసుకున్నాం, బ్యాంకు లోను వచ్చింది. వచ్చే సోమవారం రిజిస్ట్రేషను, సాక్షి సంతకం నీది. ఈ అద్దె ఇల్లు నెలాఖరుకి ఖాళీ చేయాలి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను.

మనవాళ్ళ అలవాటు నీకు తెలిసిందే, ఇంట్లో కాలు పెట్టకముందే ప్రార్థన పెట్టుకుంటాం. కాగితాలకంటే ముందు ప్రార్థన అవ్వాలని మీ బావ పట్టుబట్టారు. జోసెఫ్ తాళం తీసి ఇచ్చాడు. ఆదివారం సాయంత్రం పాస్టరు అయ్యగారు, చర్చివాళ్ళు వచ్చారు. పాట అయ్యాక వరసగా ఒక్కొక్కరం ప్రార్థన చేశాం. అందరం కళ్ళు మూసుకునే ఉన్నాం. చివర, గుమ్మం వైపు నుంచి, నేనెరగని గొంతు వినపడింది.

"తండ్రీ, మా నాన్న ఇంట్లో మళ్ళీ పాట వినిపించేవు, నీకు స్తోత్రం. ఈ గోడలు లేస్తన్నప్పుడు మా నాన్న బకెట్టుతో నీళ్ళు కొట్టేడు, నేను సెంబుతో కొట్టేను. అన్నకీ నాకూ ఈ ఇల్లు నువ్విచ్చిందే. మా ఇద్దర్నీ దీనికి దూరం సెయ్యకు. అన్నకి ఆరోగ్యం ఇయ్యి. యేసు నామంలో అడుగుతన్నాను తండ్రీ."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. అన్నాక కళ్ళు తెరిచాను.

జోసెఫ్ చెల్లెలు సలోమి. బుచ్చయ్యపేట నుంచి వచ్చింది. చేతిలో అరటిపళ్ళు. ఆ ఇంట్లో ప్రార్థన ఉందని ఎవరో చెబితే, తండ్రి పోయి ఏడాది అయిందని అన్న పెట్టించాడనుకుని బస్సెక్కింది.

"మీరెవరమ్మా?" అని నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపు జోసెఫ్ అందుకున్నాడు. "అద్దెకొస్తన్నారే. ముందు టీ తాగు."

"కొనుక్కుంటున్నామమ్మా. సోమవారం రిజిస్ట్రేషను" అన్నాను.

ఆమె అన్న వైపు చూడలేదు. గోడ వైపు చూసింది. "నాన్న ఏడాది ప్రార్థన అనుకుని వచ్చేను అన్నా."

"తర్వాత నీకు సెప్దామనే అనుకున్నాను."

"తర్వాతంటే ఎప్పుడు? తాళం మారిపోయేకా?"

టీ అలాగే వదిలేసి బయటికి నడిచింది. నేను బస్టాపు దాకా తోడు వెళ్ళాను. నీ పేరు చెప్పి, ఇల్లు చూపించింది మా తమ్ముడేనని దారిలో చెప్పాను. అమ్మడం ఇష్టం లేదా అమ్మా అని అడిగాను.

"ఇష్టమో కాదో నాకే తెలీదండి. అడిగితే కదా తెలిసేది" అంది. బస్సొచ్చే దారి వైపు చూస్తూ, "ప్రభాకరన్న మీ తమ్ముడన్నారు కదా. నా పెళ్ళిలో సాంబారు బకెట్టు పట్టుకుని పంక్తులన్నీ తిరిగేడు. ఆయనకి కూడా నేను గుర్తు లేనా?" అంది.

బస్సు వచ్చింది. అరటిపళ్ళు నా చేతిలో పెట్టి ఎక్కేసింది.

తమ్ముడూ, ఈ ఇంటి గురించి మొదటిసారి చెప్పినప్పుడు జోసెఫ్ ఒక్కడే కొడుకు అన్నావు. అది అబద్ధం కాదు. కూతురు ఉందా అని నేను అడగలేదు, ఉందని నువ్వు చెప్పలేదు.

మర్నాడు ఫోన్‌లో నువ్వన్న మాటలు నీకు గుర్తుండవు, నాకున్నాయి. "ఏటక్కా నీ సాదస్తం? బ్యాంకోళ్ళ లాయరే ఓకే అనేసేడు. ప్రార్థన్లో అన్న మాటకి కోర్టులో విలువుంటాదేటి? నీ ప్రార్థనలు అయ్యేలోపు ఇంకోడు కొనుక్కు పోతాడు. అయినా ఆడపిల్లకి పెళ్ళి సేసి పంపించేసేరు కదా, ఇంకేటి?"

నేనూ ఈ ఇంటి ఆడపిల్లనే ప్రభాకరా. ఆ మాట నాతో అంటున్నానని నీకు తోచలేదు.

మంగళవారం హాస్టల్లో సెలవు పెట్టి, శామ్యూల్‌ని తీసుకుని వేరే వకీలు దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన. కాగితాలన్నీ తిరగేశాడు.

"ఈసీ క్లీన్‌గానే ఉంది కదండీ" అన్నాడు శామ్యూల్.

"ఈసీలో రిజిస్టరయిన కాగితాలు కనబడతాయి బాబూ. పుట్టిన పిల్లలు కనబడరు" అన్నాడాయన.

జోసెఫ్ తెచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌లో అతని పేరొక్కటే ఉంది. బ్యాంకువాళ్ళు దాన్నే నమ్మారు. తల్లి ముందే పోయింది, తండ్రి వీలునామా రాయలేదు. అలాంటప్పుడు కూతురికీ సమాన వాటా ఉంటుందట, పెళ్ళయిందా లేదా అన్నది చట్టం అడగదట. ఆమె సంతకం లేకుండా కొంటే ఏమవుతుందని అడిగాను. జోసెఫ్ వాటా వరకే మాకు వస్తుందట, మిగతా సగానికి ఆమె ఎప్పుడైనా కోర్టుకి వెళ్ళవచ్చట. నోటరీ దగ్గర ఏదో రాయించుకుంటే సరిపోదా అన్నాడు శామ్యూల్. సరిపోదట. ఆమె అమ్మకం పత్రంలో తానూ ఒక అమ్మకందారుగా సంతకం పెట్టాలి, లేదా తన వాటా వదులుకుంటున్నట్టు అన్నకి ముందే రాసి రిజిస్టర్ చేయించాలి. ఏదైనా ఆమె ఇష్టపడి చేయాలి.

ఇంటికి వచ్చాక శామ్యూల్ చిరాకు పడ్డాడు. "ఇది తప్పిపోతే లోనుకి మళ్ళీ మొదటినుంచి తిరగాలమ్మా. నెలాఖరుకి ఎక్కడికెళ్తాం?" వాడి బాధ వాడిది. మీ బావ డ్యూటీకి బూట్లు వేసుకుంటూ అంతా విన్నారు. లేచి నిలబడి, "ఆమెన్ అనీసేం కదరా. ఇంకేటున్నాది" అని టిఫిన్ క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోయారు.

అంతే తమ్ముడూ. కోర్టు సంగతి తర్వాత. ఆమె దేవుణ్ణి అడిగింది, అలాగే జరగనీ అని ఆమె వెనకాల మేమన్నాం. ఆ నోటితోనే సోమవారం ఆ ఇల్లు మాది అనలేను.

నాకు నీ మీద కోపం లేదు. ఇల్లు దొరికిందని మాకంటే నువ్వే ఎక్కువ సంతోషించావు, అది మరిచిపోను. నువ్వు నాకొక్క పని చేయాలి. ఈ ఉత్తరం అందాక బుచ్చయ్యపేట వెళ్ళు. జోసెఫ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళు. వాడు చెల్లెల్ని నోరారా అడగాలి, నువ్వు పక్కన కూర్చోవాలి. సంతకం పెట్టమని బతిమాలొద్దు. ఏడిపించొద్దు. సగం ఆమెదని ముందే చెప్పండి. ఆమె భాగం చెక్కు ఆమె పేరునే ఇస్తామని మా మాటగా చెప్పు. ఆలోచించుకోవడానికి రోజులు కావాలంటే ఆగుదాం. వద్దంటే ఆ మాట విని, ఆమె పెట్టిన మంచినీళ్ళు తాగి వచ్చేయండి. మేము ఇంకో అద్దె ఇల్లు చూసుకుంటాం. ఇంటివాళ్ళని ఇంకొన్నాళ్ళు గడువు అడుగుదామని కూడా ఉంది.

ఇక్కడి బెల్లం పాకానికి రావడం లేదు. వీలైతే ఒక దిమ్మ పట్టుకురా. చిన్నమ్మని మాకోసం ప్రార్థించమను, ఆమె దీవెన కావాలి. కె.కోటపాడు మామయ్యగారికి మా వందనాలు చెప్పు. లీలని ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోమను.

సోమవారం పదకొండు గంటలకి రిజిస్ట్రార్ ఆఫీసు గేటు బయట మేం ముగ్గురం ఉంటాం. నీతో సలోమి వస్తే అందరం లోపలికి వెళ్దాం. నువ్వు ఒక్కడివే వస్తే గేటు దాటం. ఎలా జరిగినా పులిహోర కట్టుకొస్తాను. ఆమెకి కూడా కలిపే తెస్తాను.

మీ కోసం ప్రార్థిస్తూ,
పెద్దక్క సుగుణ