గింజ తేలిన పేరు

సుభాషిణి మేడమ్‌కి నమస్కారాలు.

ఈ ఆదివారం మన పుస్తకాల క్లబ్బు మా అరుగు మీద వద్దండి.

నిన్న పాపకి పేరు పెట్టాం. మాలో పోయినవాళ్ల పేర్లు చెబుతూ నీళ్లలో బియ్యపు గింజలు వేస్తారు. ఏ పేరుకి గింజ తేలితే ఆ మనిషే తిరిగొచ్చినట్టు. మా పెద్దలెవరి పేరుకీ తేలలేదు. చివరికి అత్త, మీరు చదివి వినిపిస్తున్న హత్య పుస్తకంలోని బుద్రి పేరు అంది. వందేళ్ల కిందట ఈ కొండ మీదే చంపేశారే, ఆవిడే. తేలింది.

“సచ్చినోలు ఊరికే రారే గుంటా, పనుండే ఒత్తారు,” అంది అత్త.

మీరు మా ఇంట్లో వదిలిన పుస్తకంలో చివరి అధ్యాయం చదివేశాను. హంతకుడిది నేను నోటితో అనకూడని పేరు, మా ఆయన పేరే. ఆయన పుట్టినప్పుడూ ముత్తాత పేరుకి గింజ అలాగే తేలిందట.

కాఫీ తోట నుంచి రాగానే ఆయన పాపని ఎత్తుకుంటారు. పాప ఏడవదు. కళ్లార్పకుండా ఆయన మొహమే చూస్తుంది.