జానెడు తేడా

జహీరాబాద్

జ్యోతీ, నా బంగారూ,

ఫోన్‌లో నీ గొంతు వినగానే "అంతా బాగుంది" అనేయడం నాకు అలవాటైపోయింది. అందుకే కాగితం పట్టుకున్నాను. ఇదైతే మధ్యలో "తిన్నావా" అని అడిగి మాట మార్చదు కదా.

నేను ఈ పని మానేస్తున్నాను. పుణె కంపెనీ వాళ్లకు వస్తానని చెప్పేశాను కూడా. చివరిదాకా చదివి అప్పుడు తిట్టు.

నువ్వు నారాయణఖేడ్ గురుకులంలో పిల్లలతో వేగుతుంటే, నేనిక్కడ ట్రాక్టర్ సామాన్ల దుకాణం మీద గదిలో ఆ డబ్బాతో వేగుతున్నాను. సబ్బుపెట్టెంత డబ్బా, ఫోన్ వెనక క్లిప్పుతో బిగించేది. మామూలు ఫోన్ మనం నిలబడ్డ చోటును నాలుగైదు అడుగుల తేడాతో చూపిస్తుంది. నా డబ్బా తగిలిస్తే వేలెడంత తేడా కూడా రాకూడదు. రైతు తన హద్దు తానే చూసుకోవాలని కదా మొదలుపెట్టాం. దానికి తోడుగా, కొలిచేటప్పుడల్లా ఇంకో డబ్బా గట్టు మీద ఒక రాయిపై కదలకుండా కూర్చుంటుంది. ఆ రాయి చోటు ముందే పక్కాగా కొలిచి పెట్టుకుంటాను. చేతిలోని డబ్బా తప్పులన్నీ దాన్ని చూసే సరిదిద్దుకుంటుంది. ఝరాసంగం దగ్గర మీ పొలం గట్టున నేను ఉలితో గుర్తు చెక్కిన చదునురాయి అదే.

చలికాలం మొదట్లో మీ నాన్నకూ పక్క పొలం గురులింగప్పకూ మధ్య హద్దు దానితోనే చూపించాను. ఇద్దరూ ఒప్పుకుని గుర్తుకు పుల్లలు గుచ్చారు. జొన్న కోత అయ్యాక రాళ్లు పాతుకుందాం అనుకున్నారు. కోత అయింది. ఊళ్లో పదిమందీ వచ్చారు. నేను డబ్బా తగిలించి నడిచాను. జ్యోతీ, అది ఈసారి ఆ పుల్లలు దాటి గురులింగప్ప పొలంలోకి జానెడు లోపల చూపించింది. మళ్లీ నడిచాను. మళ్లీ అక్కడే. గురులింగప్ప గడ్డపార కింద పడేసి, "మీ అల్లుని ఫోను గూడ మీ దిక్కే ఒరిగిందా చెన్నబసప్పా? మంచిగ నేర్పిచ్చినవ్" అన్నాడు. ఎవరో నవ్వారు. మామయ్య ఇంటిదారి పట్టాడు.

అదైనా దిగమింగేవాణ్ణి. ఇంటికి నడుస్తుంటే మామయ్య నా భుజం మీద చెయ్యేసి, ఎవరికీ వినపడకుండా, "అల్లుడా, నా కోసం చేసినవా? గట్ల చేయకుండె బిడ్డా. నాకున్నది నాకు చాలు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. తిట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

ఆ తర్వాత బోర్డు విప్పాను, యాంటెన్నా మార్చాను, లెక్కలన్నీ తిరగరాశాను. రాయి దగ్గరికి వెళ్లి చూశాను, గుర్తు అలాగే ఉంది. ఎన్నిసార్లు కొలిచినా అదే జానెడు. డబ్బాలో తప్పెక్కడుందో నాకు తెలియడం లేదు. తెలుసుకునే ఓపిక కూడా పోయింది. హైవే మీద లారీల చప్పుడు కూడా ఇప్పుడు నిద్ర చెడగొట్టడం లేదు, అంత అలసిపోయాను. పుణెలో ఎవరో చెప్పిన పని చేసి జీతం తీసుకుంటాను. మీ ఊళ్లో మాత్రం మళ్లీ తలెత్తుకు నడవలేను.

నీ
మహీ

*

నారాయణఖేడ్

నా మొండి మహీకి,

చివరిదాకా చదివాను. ఇక తిడతాను.

ఇంత జరిగితే నాకు చెప్పకుండా ఒక్కడివే నలుగుతావా? సరే, అది ఇంటికొచ్చాక చూసుకుంటాను. ముందు ఇది విను. ఎల్ల అమావాస్య రోజు నువ్వు ఎక్కడున్నావు? హైదరాబాద్‌లో బోర్డులు తెచ్చుకోవడానికి పోయావు. మీ సిద్దిపేట వైపు ఈ పండుగ లేదు కాబట్టి అక్కడేం జరిగిందో అడగాలని కూడా నీకు తోచదు. ఆ రోజు మా వైపు ఇల్లిల్లూ పొలానికి పోతుంది. జొన్నచేను మధ్యలో చిన్న పందిరి కట్టి, అయిదు రాళ్లు కడిగి పాండవులని నిలబెట్టి పూజ చేస్తారు. సజ్జ రొట్టెలు, కూరగాయలన్నీ కలిపి వండిన బజ్జి అక్కడే తిని, చేను చుట్టూ అంబలి చల్లి వస్తారు.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "అల్లుని రాయిని గూడ పూజల పెట్టిన బిడ్డా. పాపం ఎంత కష్టపడుతుండు, పని మంచిగ కావాలె. మళ్ల ఉన్న జాగలనే పెట్టొచ్చిన, ఫికర్ లేదు" అంది. నేను నవ్వుకుని ఊరుకున్నాను. ఆ రాయి మీద నీ లెక్కంతా నిలబడి ఉందని నాకేం తెలుసు? నీకు చెప్పాలని కూడా అనిపించలేదు.

అమ్మ కంటికి ఉన్న చోటు అంటే జానెడు అటూ ఇటూ ఉండదా? నీ డబ్బాకేం కాలేదు మహీ. మా అమ్మ నీ మీద ప్రేమకొద్దీ చేసింది. ఆమెను ఏమన్నా అన్నావో, పుణె కాదు కదా, జహీరాబాద్ బస్టాండు కూడా దాటనివ్వను.

నీ
జ్యోతి

*

ఝరాసంగం దగ్గర, మీ ఇంటి నుంచి

జ్యోతీ, నా ప్రాణమా,

నువ్వు చెప్పిందే నిజం. రాయి ఇప్పుడున్న చోటును పొద్దుట మొదలుపెట్టి పొద్దుగూకే దాకా మళ్లీ కొలిచాను. జానెడు జరిగింది. రాయి కదిలిందేమోనని డబ్బా కంటే ముందు నేను అనుమానపడాల్సింది. ఇక మీదట ఇంకో రెండు గుర్తులతో సరిచూసుకున్నాకే డబ్బా కొలత చెప్పేలా మారుస్తున్నాను.

అత్తయ్య పేరు బయటికి రానివ్వకూడదనుకున్నాను. "ఏదో పొరపాటు జరిగింది, సరిచేశాను" అని చెప్పి ఊరుకుందామని చూశాను. ఆమె ఒప్పుకుంటేనా! పదిమందీ మళ్లీ పొలం దగ్గర చేరగానే, చెంగు నడుముకు దోపుకుని తిన్నగా గట్టు మీదికి వెళ్లి గురులింగప్పను పిలిచింది. "అన్నా, రాయి తీసింది నేను. పిలగాని పని మంచిగ కావాలని పూజల పెట్టిన. జానెడు తప్పి పెట్టిన. అనేది ఉంటే నన్ను అను, వాణ్ణి అనకు."

ఆయన గట్టెక్కి వచ్చి రాయిని చూశాడు. "పూజకు తీసిన రాయికి నేనేమంట చెల్లె?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "గీసారి ఫోను నా చేతికియ్యి. నేనే చూస్త" అన్నాడు.

నా ప్రాణం చివుక్కుమంది. ఇన్నాళ్లలో నేను తప్ప ఎవరూ దాన్ని పట్టుకోలేదు. రైతు చేతికని చేసిన దాన్ని రైతు చేతిలో పెట్టకుండా నేనే పట్టుకు తిరిగాను. పక్క పొలంవాడి అల్లుడు ఫోన్ చూసి హద్దు ఇక్కడంటే ఆయన ఎందుకు నమ్మాలి?

ఇచ్చేశాను. తెర మీది బాణం ఎటు చూపిస్తే అటు నడవమన్నాను. ఆయన గట్టు వెంట మెల్లగా నడిచి, ఆగి, అటు రెండడుగులు పోయి మళ్లీ వెనక్కి వచ్చాడు. "గీడనే" అన్నాడు. చలికాలంలో ఇద్దరూ ఒప్పుకున్న చోటే అది. ఆయన పొలం ఆయనకే మిగిలింది.

"నాదే తప్పు. పిలగాణ్ణి అనరాని మాట అన్న" అన్నాడాయన.

అప్పటిదాకా పక్కన నిలబడ్డ మామయ్య ముందుకు వచ్చాడు. రాళ్లు పాతడానికి వచ్చిన పదిమందీ అక్కడే ఉన్నారు. వాళ్లందరికీ వినపడేలా అన్నాడు. "నువ్వు ఒక్కనివే కాదు గురులింగా. నేను గూడ అనుమానపడ్డ. వచ్చినప్పుడల్ల ఇంట్ల పెట్టుకుని, బువ్వ పెట్టుకుంట, నా సొంత అల్లుని మీద అనుమానపడ్డ. మీ అందరి ముంగట చెప్తున్న, వాడు అసొంటోడు కాదు."

ఎవరూ నవ్వలేదు. నేను రాయి వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

పుణె వాళ్లకు రానని చెప్పేశాను. అలసట ఇంకా అలాగే ఉంది జ్యోతీ, పని కూడా చాలా ఉంది. కానీ ఆ మాట విన్నాక ఇక్కణ్ణుంచి ఎందుకు వెళ్లిపోవాలనుకున్నానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

మీ అమ్మను ఏమీ అనని,
నీ మహీ