చిల్లుల అట్ట

మార్చి 4
అనువాద విద్యార్థుల ఇంగ్లీషు టెస్టు పేపర్లు ముప్పై ఎనిమిదీ దిద్దేశాను. రీడింగు, గ్రామరు, వొకాబులరీ కలిపి వంద ప్రశ్నలు. పేపరుకి నాలుగు నిమిషాలు. నా చిల్లుల అట్ట ఉండగా నాకేం లోటు? సరైన జవాబులున్న చోటల్లా చిల్లు పెట్టిన అట్ట అది. ఆన్సర్ షీటు మీద పరిచి, చిల్లుల్లో కనిపించిన టిక్కులు లెక్కపెట్టడమే. పేపరు బయటికి పోనివ్వం కాబట్టి ఆరేళ్లుగా అదే పేపరు, అదే అట్ట. నా ప్రశ్నలు నేనే చదివి ఎన్నాళ్లయిందో.

మార్చి 5
కోర్టు టైపిస్టుకి యాభై తొమ్మిది. పాసు మార్కు అరవై. ఆమెకిది మూడోసారి, నాలుగోసారి రాయనివ్వరు. నలభై దాటిన మనిషి, పగలంతా టైపు కొట్టి సాయంత్రం క్లాసుకొస్తుంది. ఒక్క మార్కు ఎక్కడైనా దొరుకుతుందేమోనని అట్ట తీసి మళ్లీ చూశాను.
ఇరవై ఏడో ప్రశ్నకి టిక్కు లేదు. మార్జిన్‌లో చిన్న అక్షరాలతో రాసింది: "ఇది పాఠంలో లేదు. లేనిది చేర్చడం అనువాదకుల పని కాదు."
ఎంత పొగరు! నాకే పాఠాలా? ఒళ్లు మండిపోయింది.

మార్చి 6, ఉదయం
ఆమెది తప్పని తేల్చేద్దామని ప్యాసేజ్ ముందేసుకున్నాను. ఒక దీవిలో లైట్‌హౌస్ మూసేసిన కథ. ప్రశ్న: కాపలాదారు ఉద్యోగం ఎందుకు మానేశాడు? నా ఆన్సర్ కీలో జవాబు సి, చూపు తగ్గినందుకు.
మూడుసార్లు చదివాను. చూపు ఊసే లేదు.

మార్చి 6, మధ్యాహ్నం
బీరువా అడుగు నుంచి పాత ఫైలు లాగాను. చూపు సంగతి చివరి పేరాలో ఉంది. ఆ పేరా మీద ఎర్రపెన్ను గీత. పక్కన, పేజీలో పట్టడం లేదు, తీసేయండి అని నా చేతిరాతే. పేరా తీయించాను, ప్రశ్న మాత్రం అలాగే ఉంచేశాను.
సిగ్గేసింది. దుమ్ము దులుపుకుంటూ అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

మార్చి 7
మరి ఇరవై ఒక్క మంది సి ఎలా పెట్టారు? క్లాసు ఫస్టు అమ్మాయిని పిలిచి అడిగాను. ఇరవై ఏడు సి అని సీనియర్లు చెబుతారు మేడం అంది. ప్యాసేజ్ చదవలేదా అంటే, చదివాననీ, కనబడకపోయినా పెట్టేశాననీ గొణిగింది.
బాగుంది నా పరీక్ష. బట్టీ పట్టినవాళ్లకి మార్కు, చదివిన మనిషికి గుండుసున్నా.

మార్చి 8
ఫైలుతో హెడ్ గారి దగ్గరికి వెళ్లాను. చూడకుండానే మూసేశారు. ఒక్క మనిషి కోసం ఆరేళ్ల సర్టిఫికెట్ల తేనెతుట్టె కదుపుతావా అమ్మా అన్నారు. వచ్చే ఏడు పేపరు మారుద్దాంలే అన్నారు. ఆమెకి వచ్చే ఏడు లేదండీ అన్నాను. అది మన చేతిలో లేదన్నారు. మార్కుల జాబితా మాత్రం నా చేతిలోనే ఉంది.
ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. ఆరేళ్లు నిద్రపోయి, ఇప్పుడు లేచి ఊరందరినీ లేపుతావా అని నవ్వింది. తర్వాత తనే, లేపు అంది.

మార్చి 11
ఇరవై ఏడో ప్రశ్న రద్దు, మార్కు అందరికీ. టైపిస్టుకి అరవై. జాబితా కింద, తప్పు ప్రశ్న ఇచ్చింది నేనే అని రాసి, సంతకం చేసి, నోటీసు బోర్డుకి పెట్టాను. హెడ్ గారు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నారు. పిన్ను దిగకపోతే చెప్పు తీసి దాని మడమతో కొట్టాను.

మార్చి 12
టైపిస్టు వచ్చింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను. ముందు రెండుసార్లూ మార్జిన్‌లో అదే రాశానండీ, ఎవరూ చూడలేదు అంది. గొంతులో కోపం కూడా లేదు. కోపపడి ఉంటే బాగుండేది.
ఆమె వెళ్లాక అట్టని కత్తెరతో ముక్కలు చేశాను.

మార్చి 15
హెడ్ గారు నా పేరు మీద సంజాయిషీ టైపు చేయించి పంపారు. పొరపాటు ప్రెస్సువాళ్లదట, నాకే సంబంధమూ లేదట. సంతకం పెడితే పేపర్ సెట్టింగు నాకే ఉంచుతారట, లేకపోతే తీసేస్తారట.
సంతకం చేయాల్సిన గీత మీద రాసి పంపాను: "ఇది పాఠంలో లేదు."