పై గడియ

మిసూలా
బుధవారం పొద్దున

తమ్ముడు నెల్స్‌ను అక్క సోల్వేగ్ దీవించి రాసేది.

ఇక్కడ నేను, మీ బావ మెర్ల్, మీ చిన్నక్క కారిన్, మా ఒట్టో క్షేమం. నువ్వూ క్షేమమని నమ్ముతున్నాను. ఈ కార్చిచ్చుల పొగల్లో నీ కావలి మంచె మీద గాలి శుభ్రంగా ఉండాలని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను.

నిన్న పొద్దుటి నుంచి రాస్తాను. ఎప్పటిలాంటి పొద్దే. మొన్న రాత్రి కనుమకు ఇవతల, వాగు పక్కన దిగాం. నేను ముందు లేచి ట్రైలర్ మెట్టు మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. పైన్ చెట్ల మీద ఎండ పొగలోంచి ఎర్రగా దిగుతోంది. కాఫీ పెట్టాను. కారిన్ దుప్పటి ముసుగులోంచి చెయ్యి ఒక్కటి బయటికి చాపింది, కప్పు కోసం. మీ బావ పాన్‌కేకులు వేస్తానని పట్టుబట్టి అన్నీ మాడ్చాడు.

"మాడలేదు, బాగా కాలాయి అంతే" అన్నాడు.

"అవును బావా, వీటిని చక్రాలకు అడ్డం పెట్టు. ట్రైలర్ అంగుళం కదలదు" అంది కారిన్.

ఒట్టో మాత్రం తోక ఊపుతూ వంక పెట్టకుండా తిన్నాడు.

తర్వాత పికప్‌కు ట్రైలర్ తగిలించుకోవడం. ఆయన వెనక్కి వస్తుంటే నేను చెయ్యి ఊపి చూపిస్తాను. మేమిద్దరం గొంతు పెంచుకునేది ఆ కాసేపే. ఎడమ అంటే నా ఎడమా నీ ఎడమా అని ఆయన, నేను చెప్పే ఎడమ ఒక్కటే అని నేను. కొక్కెం పడింది. గొలుసులు కింద అడ్డంగా వేశాడు. నేను వెనక నిలబడి దీపాలు చూశాను. ఆఖరున పేర్లు పిలిచాను.

దీనికి నువ్వు చిన్నప్పటి నుంచీ నవ్వుతావు, అక్క హాజరుపట్టీ అని. నవ్వు. బండి కదిలే ముందు పేర్లు పిలవకుండా నేనెక్కడికీ బయల్దేరలేదు. మనుషులు పలుకుతారు. కుక్క పేరు వచ్చినప్పుడు ఎవరో ఒకరు దాని బోను మీద చెయ్యి వేసి "ఉంది" అనాలి. చూసి చెప్పకూడదు. చెయ్యి వేసి చెప్పాలి. ఆ బోన్లు పికప్ వెనక సీటులో, పట్టీలతో బిగించి ఉంటాయి. ఊపిరి ఉన్నదేదీ ట్రైలర్లో ప్రయాణం చేయకూడదన్నది మా ఇంటి కట్టు. ముందు బండిలో చిన్న కుదుపు వెనక దాంట్లో పెద్ద కుదుపవుతుంది. అల్మరా తెరుచుకుంటుంది, వేడెక్కుతుంది. లోపల అరిచినా మనకు వినపడదు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. మేజోళ్ళు రెండు జతలు అల్లాను, ఈసారి మడమ దగ్గర మందంగా. దుర్భిణి తుడిచే గుడ్డలు కొన్నాం. మీ బావ మోకాలు చర్చి మెట్లెక్కేటప్పుడు నొప్పిగా ఉంటుంది, చేపలకు వెళ్ళేటప్పుడు బాగుంటుంది. పాస్టరుగారి ప్రసంగం ఇంకా పొడుగ్గానే ఉంది. కారిన్‌కు ఆ పళ్ళ డాక్టరుతో ఏమైందని అడిగావు. ఏమీ కాలేదు, అడగకు.

ఇంకొకటి రాశావు. "టాన్సీని బోనులో పెట్టొద్దక్కా. ముడుచుకుని పడుకుంటే దాని తుంటి పట్టేస్తుంది. ట్రైలర్లో మంచం మీద పడుకోనివ్వు. మారిట్, నేను అలాగే తీసుకెళ్ళేవాళ్ళం" అన్నావు.

దానికి జవాబు చెప్పాలి.

పైన క్షేమమని రాసిన వాళ్ళలో ఒక పేరు లేదని ఈపాటికి నువ్వు చూసే ఉంటావు. నా ఉత్తరాలు నువ్వు రెండుసార్లు చదువుతావు. టాన్సీ బతికే ఉంది. ముందు ఆ మాట మనసులో పెట్టుకో, మిగతాది తర్వాత చదువు. వీలైతే కూర్చుని చదువు.

నిన్న టాన్సీ ట్రైలర్లో ఉంది, మంచం మీద.

కనుమ ఎక్కుతుంటే ఎదురొచ్చిన దుంగల లారీ దీపాలు ఆర్పి వెలిగించింది. జింకలున్నాయేమోనని మీ బావ వేగం తగ్గించాడు. ఇంకో కారు హారన్ కొట్టుకుంటూ పోయింది. "ఇవాళ దారి పొడుగునా నీ మీద ప్రేమ పొంగుతోంది బావా" అంది కారిన్. నేనూ నవ్వాను.

కొండ మీద బండ్లు ఆగే చోట ఆపాం. నేను దిగి వెనక్కి వెళ్ళాను. ట్రైలర్ తలుపు బార్లా తెరుచుకుని గాలికి గోడకేసి కొట్టుకుంటోంది. లోపల కప్పులు నేల మీద ఉన్నాయి. మంచం మీద దుప్పటి ఉంది. దుప్పటి మధ్యలో పడుకున్న గుంట ఉంది. కుక్క లేదు.

నా మొహం చూసి మీ బావ పరుగెత్తుకొచ్చాడు. ఆ ఇరుకు దారిలో ట్రైలర్‌తో వెనక్కి తిరగడం అప్పటికప్పుడు అయ్యేపని కాదు. అక్కడే విప్పేశాడు. ఆయన చేతిలోంచి గొలుసు జారిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. నిన్న చూశాను.

వచ్చిన దారినే దిగాం. ఆయన పికప్‌ను నడక వేగంతో నడిపాడు. ఒట్టోను పట్టుకుని నేను దారికి ఒక పక్క, కారిన్ రెండో పక్క. ప్రతి మలుపు దగ్గరా ముందు తారు మీదకే చూశాను. అక్కడ ఏమీ కనపడకూడదని అడుగుతూ నడిచాను. దేవుడికి ఏ మాటల్లో చెప్పానో గుర్తులేదు. వాక్యాలు కట్టే ఓపిక లేదు. దాని పేరు, నీ పేరు, మారిట్ పేరు. అంతే.

పిలిచి పిలిచి నా గొంతు పోయింది. అప్పుడు కారిన్ ఆగింది.

"అక్కా, పేరు పెట్టి పిలిస్తే అది రాదు. మన మరదలు మారిట్ గొర్రెల దగ్గర ఎలా పిలిచేదో గుర్తుందా?"

రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. పొడుగ్గా ఒకటి, చివర పైకి లేపి. కారిన్‌కు ఆ ఈల వచ్చని నాకే తెలీదు. రెండోసారి వేసింది. వాగు వైపు నుంచి ఒక్క మొరుగు వినపడింది. ఒట్టో నన్ను లాక్కుపోయాడు.

దారికి బాగా దిగువన, హకిల్‌బెర్రీ పొదల్లో పడి ఉంది. వెనక కాళ్ళు లేవడంలేదు. ఈల విన్నది కదా, ముందు కాళ్ళతో మా వైపు పాకుతోంది. "ఆగవే తల్లీ, మేమే వస్తున్నాం" అంటూ కారిన్ బురదలో మోకాళ్ళ మీద కూలబడింది. ఇక్కడి వాళ్ళందరికీ కారిన్ నోరే తెలుసు. నిన్న దాని ఏడుపు నేను చూశాను.

మీ బావ పైకి వెళ్ళి ట్రైలర్లో భోజనాల బల్ల పలక ఊడదీసి తెచ్చాడు. దాని మీద పడుకోబెట్టి, దుప్పటితో కట్టి, ముగ్గురం మోసుకొచ్చాం. ఆయన మోకాలు సంగతి అప్పుడెవరికీ గుర్తురాలేదు. వెంటనే మిసూలా పశువుల ఆసుపత్రికి తీసుకొచ్చాం. సాయంత్రానికి ఆయన ఒక్కడే పోయి ట్రైలర్‌ను మళ్ళీ వాగు పక్కకు చేర్చాడు.

డాక్టరమ్మ ఎక్స్‌రే ఫొటోలు తీసి చూసింది. తుంటి ఎముక విరిగింది. ఊపిరితిత్తులు బాగున్నాయి, లోపల రక్తం లేదు. ఎముక కదలకుండా ఉంచితే దానంతటదే అతుక్కోవచ్చు. కానీ తనంతట తాను మూత్రం పోయాలి. నరాలు బాగుంటే రెండు మూడు రోజుల్లో పోస్తుంది. పోయకపోతే బాధపెట్టకుండా నిద్రపుచ్చడమే మేలంది. "ముసలిది. మీరంతా కూర్చుని ఆలోచించుకోండి" అంది. ఇందాక టాన్సీ నా వేళ్ళ మీది నీళ్ళు నాకింది. మూత్రం ఇంకా పోయలేదు.

ఇక నీ మాటకు జవాబు.

నిన్న పొద్దున బోనులో ఎక్కించబోతే టాన్సీ మూలిగింది. కారిన్‌కు జాలేసింది. "తమ్ముడు రాశాడు కదక్కా. కనుమ దాటేదాకే కదా, మంచం మీద పడుకోనీ. ప్రతిదానికీ వద్దు వద్దంటావు" అంది. మీ బావ నా వైపు చూశాడు. ఈ సంగతుల్లో ఆయన నా మాట దాటడు. నేను సరే అన్నాను.

నువ్వు రాశావనీ కాదు, కారిన్ అడిగిందనీ కాదు. అమ్మ పోయినప్పటి నుంచి మీ ఇద్దరికీ వద్దు చెప్పేది నేనే. చెరువు మంచు మీద నడవొద్దు, ఆ కుర్రాడితో వెళ్ళొద్దు, చలికాలం ఒంటరిగా ఉండొద్దు. ఒక్కసారి సరే అనే అక్కగా ఉండాలనిపించింది. టాన్సీని నా చేతులతోనే ఎత్తి మంచం మీద పెట్టాను. తలుపు వేశాను. పిడి తాళం పడింది. పైన గడియ ఒకటుంది, కుదుపుకు ఊడకుండా అడ్డంగా పడేది. ఒక చేతిలో కాఫీ కెటిల్ ఉంది. ఆ గడియ వేయలేదు.

తర్వాత పేర్లు పిలిచాను. టాన్సీ అన్నప్పుడు కారిన్ కిటికీలోంచి వెనక్కి చూసి "ఉంది" అంది. చెయ్యేదీ అని నేను అడగలేదు.

నీ మాట విని చేశానని తప్పు నీ మీద వేయను. నువ్వు కొండ మీద ఉన్నావు. తలుపు దగ్గర ఉన్నది నేను. అది కారిన్ మీదా వేయను. నువ్వూ వేయకు.

మారిట్ పోయాక నువ్వు నోరు విప్పి మాట్లాడింది ఆ కుక్కతోనే. అది మంచె మెట్లెక్కలేదని మే నెలలో నా చేతికిస్తూ "జాగ్రత్తక్కా" అన్నావు, అంతే. శనివారం నువ్వు సెలవుకు కొండ దిగేసరికి కాలిబాట మొదట్లో అది నీకు ఎదురురావాలని బయల్దేరాం.

నిన్న సాయంత్రం మీ బావ తిరిగొచ్చాక ఆసుపత్రి అరుగు మీద ముగ్గురం కూర్చున్నాం. రేడియోలో చెప్పిద్దామంది కారిన్. ఆ రేడియో అడవంతా వింటుంది, ఈ కబురు నీకు అలా చేరకూడదన్నాను. ఆర్విల్ రేపు కంచరగాడిదలతో నీకు సరుకులు తెస్తాడు కదా, ఉత్తరం అతని చేతికిద్దామనుకున్నాం.

"దాన్ని బాధపెట్టి మనం మంచివాళ్ళమనిపించుకోకూడదు అక్కా. వాడు దిగొచ్చేదాకా అది నరకం చూడాలా?" అంది కారిన్. అందులో తప్పులేదు.

మీ బావ టోపీ తీసి పక్కన పెట్టాడు. "కుక్క వాడిది. ఆ మాట వాడే చెప్పాలి" అన్నాడు.

మధ్యేమార్గం డాక్టరమ్మ చూపించింది. నొప్పికి మందు ఇస్తూ శనివారం దాకా ఆపవచ్చంది. తీసుకెళ్ళడమైతే ఇరుకు బోనులో, జారకుండా చుట్టూ దుప్పట్లు కూరి, సీటుకు బిగించి. వెనక ట్రైలర్ మాత్రం ఉండకూడదంది, దాని ఊపు ఆ ఎముక తట్టుకోదు.

కాబట్టి ట్రైలర్ వాగు దగ్గరే వదిలేస్తున్నాం. కాలిబాట దగ్గర డేరాలో పడుకుంటాం. "ఈ వయసులో నేల మీదా! తెల్లారి నన్ను లేపడానికి ఆర్విల్ గాడిదలు కావాలి" అంది కారిన్. డేరా కొనడానికి లేచింది కూడా అదే.

ఆలోగా దానికి ఓర్చుకోలేని బాధొస్తే మాత్రం నీకు రేడియోలో ఒక్క మాట వస్తుంది, దిగి రమ్మని. అప్పుడు అడవంతా వింటే విననీ. నువ్వొచ్చి దాని తల మీద చెయ్యి వేసేదాకా ఎవరూ ఏమీ తేల్చరు. ఇది ముగ్గురం కలిసి అనుకున్నది.

నేను వెనక సీటులో దాని పక్కన కూర్చుంటాను. ఈసారి పేర్లు మీ బావ పిలుస్తానన్నాడు. టాన్సీ పేరు వచ్చినప్పుడు నేను చెప్పాలి. అప్పటికే నా చెయ్యి బోను లోపల ఉంటుంది, దాని మెడ మీద.

ఇట్లు,
శనివారం కాలిబాట దగ్గర నీ మొహం చూడవలసిన
నీ పెద్దక్క
సోల్వేగ్