టి. క్లోపోటెక్ పేరిట వచ్చిన కవరు

అక్టోబర్ 3, 1996, గురువారం

సెయింట్ హెడ్విగ్ కాలేజీ నుంచి కవరు వచ్చింది. పైన టి. క్లోపోటెక్ అని టైపు చేసి ఉంది. టి అంటే టెరేసా, మా టెస్‌కే కదా అని కెటిల్ ఆవిరి పట్టి తెరిచాను. తప్పే. పదిహేడేళ్ళ పిల్ల ఉత్తరం తల్లి చదవకపోతే ఇంకెవరు చదువుతారు?

మీ పిలుపును వివేచిస్తున్న ఈ సమయంలో, పన్నెండో తేదీ శనివారం మా 'వచ్చి చూడండి' రోజుకు కుటుంబంతో రండి అని ఉంది. కింద ఫాదర్ లాంబెర్ట్ అని సంతకం.

నాలుగుసార్లు చదివాను. బయటివాళ్ళకి ఇందులో ఏమీ కనపడదు. మా చర్చిలో పుట్టి పెరిగినవాళ్ళకి మాత్రం గుండె జారిపోతుంది. కెమిస్ట్రీ తీసుకోవాలా, హిస్టరీ తీసుకోవాలా అని ఎవరూ 'వివేచించరు'. మఠానికి పోవాలా వద్దా అన్నప్పుడే ఆ మాట వాడతారు. మా పెద్దమ్మ కూతురు ఇర్మా కూడా 'వచ్చి చూడండి' అంటేనే వెళ్ళింది. రెండు రోజుల్లో వస్తానంది. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది, ఇంకా చూస్తూనే ఉంది.

నాకు టెస్ ఒక్కతే. సన్యాసిని చేసి పంపడానికి కనలేదు.

కవరు మళ్ళీ అతికించి వంటింటి బల్ల మీద పెట్టాను.

అక్టోబర్ 4, శుక్రవారం

కవరు లేదు. పోస్టేమైనా వచ్చిందా అని టెస్‌ని అడిగితే, నాకేం రాలేదే అంది. రెప్ప కూడా వెయ్యలేదు.

అక్టోబర్ 6, ఆదివారం

భోజనాల దగ్గర థాడ్ గొంతు సవరించుకున్నాడు. వచ్చే శనివారం సెయింట్ హెడ్విగ్‌లో ఓపెన్ హౌస్ అట, ముగ్గురం వెళ్దామా బెర్నీ అన్నాడు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. చేపలు పట్టడానికి తప్ప ఈ మనిషి నోటివెంట వెళ్దామా అన్న మాట నేనెప్పుడూ వినలేదు. మిల్లులో షిఫ్ట్ ఏం చేస్తావన్నాను. మార్చుకున్నాడట! ఎప్పుడు మార్చుకున్నావ్, నాకు చెప్పకుండా అంటే, టెస్ మధ్యలో దూరి, నేనే అడిగాను అమ్మా, నాన్న చేసిందేం లేదు అంది.

నేను ఎవరేం చేశారని అడగనేలేదు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

స్కూలు బస్సు నడపబట్టి పద్దెనిమిదేళ్ళు. అద్దంలోంచి వెనక సీట్ల ముఖాలు చూసి ఎవడి బ్యాగులో కప్ప ఉందో చెప్పగలను. వీళ్ళిద్దరూ ఆగస్టు నుంచి పొద్దుటి పూజకి కలిసి వెళ్తున్నారు. నన్ను లేపరు. నీ నిద్ర చెడగొట్టడం ఎందుకని అంటాడు థాడ్. ఎంత ప్రేమో.

పిల్లని వాళ్ళకి అప్పజెప్పడానికి తండ్రే మధ్యవర్తి. ఇంకేం కావాలి.

అక్టోబర్ 8, మంగళవారం, ఉదయం 5:40

గరాజ్‌లో మాటలు. థాడ్ ఆదివారపు సువార్త గట్టిగా చదువుతున్నాడు. టెస్ పెయింట్ డబ్బా మీద కూర్చుని ఉంది, ఒళ్ళో కాగితాలు, చేతిలో పెన్సిల్. నేను తలుపు తీశాను. ఇద్దరూ ఒక్కసారే చలికాలం టైర్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

అక్టోబర్ 12, శనివారం, మధ్యాహ్నం 12:45

పార్కింగ్‌లో, కారులో కూర్చుని రాస్తున్నాను. టెస్ నేను కోటు కోసం వచ్చాననుకుంటోంది.

కాలేజీ చిన్నది. పిల్లలు మొత్తం ఆరువందల మంది కూడా లేరు. అందరూ నవ్వుతారు. తలుపు పట్టుకుని నిలబడతారు. అంత మర్యాద దేనికో. ఒక పిల్ల వెనక్కి నడుస్తూ మాకు అన్నీ చూపించింది, ఒక్కసారి కూడా తూలలేదు. ఎంతమందిని ఇలా నడిపించిందో.

సిస్టర్ గాడెన్షియా అని అడ్మిషన్ల ఆవిడ. డెబ్బై ఏళ్ళుంటాయి, కాళ్ళకి పరుగు పందెం బూట్లు. సూటిగా అడిగేశాను, మీ దగ్గర చదివిన పిల్లల్లో ఎంతమంది మఠంలో చేరతారని. ఆవిడ పగలబడి నవ్వింది. పదకొండేళ్ళలో ఒక్కతే చేరిందండీ, అదీ మూడు నెలలకి మా ప్లంబర్‌ని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది, ఇప్పుడు పైపులకి కూడా మనిషి లేడు అంది. నేను నవ్వలేదు. ఇలాంటి తీపి కబుర్లతోనే ఇర్మాని కూడా పట్టారు.

టెస్ నటన చూడాలి. చాపెల్ ముందు ఆవలించింది! డార్మ్‌లో అబ్బాయిల్ని ఎన్నింటిదాకా రానిస్తారని సిస్టర్‌నే అడిగింది. నన్ను ఏమార్చడానికి ఎంత దూరమైనా వెళ్తుంది.

సూప్ తాగుతుండగా థాడ్ బాత్‌రూమ్‌కి అని లేచాడు. నలభై నిమిషాలైంది. ఎక్కడో నా పిల్ల గురించి సంతకాలు పెడుతున్నాడు. వెళ్తున్నాను.

సాయంత్రం 6:10, ఇంట్లో

తీగ లాగాను. డొంకంతా నా నెత్తి మీదే పడింది.

లైబ్రరీ కింద గదిలో వెలుగు కనపడింది. బయట ఒక బల్ల, దాని మీద పేర్ల బిళ్ళలు. డీకన్ శిక్షణ, వచ్చి చూడండి అని బోర్డు. టెస్ పేరు కోసం వెతికాను. లేదు. రెండు బిళ్ళలే మిగిలాయి. ఒకటి ఎవరో ఫెర్డినాండ్ గారిది. రెండోదాని మీద బెర్నిస్ క్లోపోటెక్, భార్య అని ఉంది.

లోపల పదిమంది మగవాళ్ళు, పక్కన వాళ్ళ పెళ్ళాలు. థాడ్ పక్కన ఖాళీ కుర్చీ. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది.

టి అంటే టెరేసా కాదు, థాడియస్.

ఫాదర్ లాంబెర్ట్ ఏమీ తెలియనట్టు, రండి రండి, మీ గురించే మాట్లాడుతున్నాం అన్నాడు. పెళ్ళయిన మగవాడు డీకన్ కావాలంటే, అంటే పూజలో ఫాదర్ పక్కన నిలబడి సువార్త చదివి ప్రసంగం చెప్పాలంటే, భార్య ఒప్పుకోవాలట, స్వయంగా చేతివ్రాతతో రాసివ్వాలట. అది లేకపోతే బిషప్ కూడా ఏమీ చెయ్యలేడట. ఐదేళ్ళ చదువు. రేపు నేను పోతే అతను మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదు. ఆ ఒక్క షరతూ బాగుంది అన్నాను, పైకే. అప్పుడే లోపలికొచ్చి బిళ్ళ తగిలించుకుంటున్న ఫెర్డినాండ్ గారు దగ్గారు.

తిరుగు దారంతా నేనే కారు నడిపాను. టెస్ వెనక సీట్లోంచి ఏడుస్తూ చెప్పింది. నాన్న మార్చి నుంచి అనుకుంటున్నాడు అమ్మా, నీకు చెప్పడానికి భయపడి నన్ను అడ్డం పెట్టుకున్నాడు, నాన్న దరఖాస్తుకి రాసిన వ్యాసంలో స్పెల్లింగులు దిద్దింది నేనే, నాకా కాలేజీ వద్దు, నేను మాడిసన్‌లో యూనివర్సిటీకి వెళ్తాను అంది.

ముగ్గురున్న ఇంట్లో ఏడు నెలలు ఇద్దరికే తెలిసిన మాట. పిల్లని ఎత్తుకుపోతారని కాపలా కాసిన వెర్రిదాన్ని నేను. చాలా కోపంగా ఉంది. ఏడుపు కూడా వస్తోంది.

అక్టోబర్ 13, ఆదివారం

పొద్దుటి పూజకి ఒక్కదాన్నే వెళ్ళాను, వాళ్ళిద్దర్నీ లేపలేదు.

అక్టోబర్ 17, గురువారం

బస్సు కడుగుతుంటే థాడ్ వచ్చి రెండో బ్రష్ తీసుకున్నాడు. నాకెందుకు చెప్పలేదన్నాను. నవ్వుతావని అన్నాడు. నిజమే. పోయినేడు మా డీకన్ ప్రసంగం మధ్యలో తుమ్మితే నేను వారం రోజులు అనుకరించి చూపించాను.

మార్చిలో ఏమైందన్నాను. మిల్లులో ఎల్రాయ్ గుండెపోటొచ్చి పడిపోయిన రోజు, అంబులెన్స్ వచ్చేదాకా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను బెర్నీ, ఏదైనా ప్రార్థన చెప్పు థాడ్ అన్నాడు, నా బుర్రలోకి ఒక్కటీ రాలేదు, భోజనం ముందు చెప్పేది తప్ప, అదే చెప్పాను, మా ముందున్న ఈ వరాలను దీవించు అని, వాడు ఆమెన్ అని పోయాడు అన్నాడు.

నేను నవ్వలేదు. టైర్లు రెండుసార్లు కడిగాం.

అక్టోబర్ 21, సోమవారం

ఉత్తరం రాశాను. మూడు వాక్యాలు. ఒక్క ఏడాదికి ఒప్పుకుంటున్నాను. ఆ తర్వాత ప్రతి ఏడాదీ మళ్ళీ అడగాలి. మీరు కాదు ఫాదర్, అతను, నన్ను, అందరికంటే ముందు.

పోస్ట్ చేశాను. గురువారానికి చేరుతుందట. థాడ్‌కి చెప్పలేదు. పొద్దుటినుంచి నా ముఖం వంక చూస్తూ తిరుగుతున్నాడు. తిరగనీ.