పిల్ల వరుస

నాచారం, 5 ఆగస్టు 2024

ఉప్పల్‌లో కూర్చొని బతికున్నవాళ్లను చంపుతున్న కంప్యూటరు కంపెనీవారికి,

ప్రభువు పేరిట వందనాలు. అవి ప్రభువుకే, మీకు కాదు.

నా పేరు సారమ్మ. వయసు డెబ్బై ఎనిమిది. నా భర్త జ్ఞానయ్య పదిహేనేళ్ల కింద పోయాడు. పిల్లలు లేరు. ఇంట్లో నేను, ఒక కుట్టుమిషను, నా మాట వినని ఒక కోడిపెట్ట. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్కింటి దోర్కా టీచరు రాస్తోంది. నా మాటల్ని బడి తెలుగులోకి దిద్దుతానంది. దిద్దుకో గానీ తిట్లు ముట్టుకోకు అన్నాను.

మా సమాధుల తోట కమిటీ పేరుతో నాకొక ఉత్తరం వచ్చింది. "మృతురాలు శ్రీమతి సారమ్మ గారికి. మీ మరణ తేదీ ఖాళీగా ఉన్నది. ముప్పై రోజులలో నింపనిచో మీ వరుస తొలగించబడును."

కమిటీ సెక్రటరీ జీవన్ కుమార్‌ను పోయి అడిగాను. "మాకేం ఎరుక లేదమ్మా. లెక్కలన్నీ ఉప్పల్ల కంపెనీకి ఇచ్చినం, ఉత్తరాలన్నీ కంప్యూటరే రాస్తది" అన్నాడు. "సచ్చినోళ్లకు రాసే ఉత్తరం పోస్టుల ఎందుకేసినవ్ రా, గోరీ మీద పెట్టకపోయినవ్?" అన్నాను.

నలభై ఒకటో చోటులో జ్ఞానయ్య పక్కన జాగా నాది. గోడవార మూల, వానొస్తే నీళ్లు నిలుస్తాయి. నడుమ మంచి జాగా ఉండగా అదే కావాలని మొండికేశాడు, ఎందుకో చెప్పకుండానే పోయాడు. అయినా అదే నా చోటు. నలభై మూడేళ్ల కాపురం నాది. నా వరుస తీసేయడానికి మీరెవరు?

ఇట్లు,
బతికే ఉన్న సారమ్మ

తా.క. అంత తొందరైతే ముందు మీ ఓనరు తేదీ నింపుకోండి.

•

ఉప్పల్, 12 ఆగస్టు

గౌరవనీయులు సారమ్మ గారికి,

నమస్కారాలండి. నా పేరు హరిచందన. తప్పు నాదే, క్షమించండి.

నేను వాడేది ప్రోగ్రాములు రాసే ప్రోగ్రాము, కోడ్ జనరేటర్ అంటారు. మీ తోట వివరాలున్న డేటాబేసు ఎక్కడుందో, అందులో ఏ పట్టికలు చదవాలో సెట్టింగుల్లో చెబితే చాలు. పట్టికల్లో గళ్లు, ఒక పట్టికకు ఇంకోదానితో ఉన్న సంబంధం, అన్నీ అదే చదువుకొని ఉత్తరాలు కూడా తయారు చేస్తుంది. మీ తోట పాత గుమాస్తా ఎవరో పోయినవాళ్లనీ, చోటు అట్టిపెట్టుకున్నవాళ్లనీ ఒకే 'మృతులు' పట్టికలో ఎక్కించారు. అక్కడ మరణ తేదీ గడి ఖాళీగా ఉండకూడదు. అందుకే ఆ ఉత్తరం.

వరుస అంటే పట్టికలో ఒక అడ్డు గీతండి, బంధుత్వం కాదు. మా లెక్కలో జ్ఞానయ్య గారిది తల్లి వరుస. దాన్ని ఆనుకున్న మీది పిల్ల వరుస. అంతే.

ఇట్లు,
హరిచందన

తా.క. ఆ చోటుకు పిల్ల వరుసలు రెండు కనబడుతున్నాయి. ఒకటి మీది. రెండోదానికి పేరు లేదు. పాత పట్టికలోని చెత్త అయ్యుంటుంది, తీసేస్తాను.

•

నాచారం, 20 ఆగస్టు

హరిచందన అనే పిల్లకు,

వందనాలు సగమే పంపుతున్నాను.

నా మొగుడు నాకు తల్లి వరుసా? నేను ఆయనకు పిల్ల వరుసా? ఎదురింట్లో సీతారామయ్య అని రాజమండ్రి మనిషి, రిటైరైన గుమాస్తా. నీ ఉత్తరం విని, "అయితే సారమ్మగారూ, మీ అత్తగారు మీకు అమ్మమ్మ అవుతుందండీ" అన్నాడు. మా అత్త విని ఉంటే పెట్టె మూత తన్ని లేచేది.

నిన్న నీ కంప్యూటరు ఇంకో ఉత్తరం పంపింది. ఇందులో నన్ను మృతురాలు అనలేదు. "చోటు నలభై ఒకటి. పిల్ల వరుసలు: రెండు. తల్లి పేరు గడి: ఖాళీ." అంతే ఉంది.

ఇట్లు,
సారమ్మ

తా.క. చెత్త అన్నావు కదా, దాన్ని తీయకు. యాభై అయిదేళ్ల కింద దవాఖానాలో నాకొక ఆడపిల్ల పుట్టింది. ఒక్క రోజు ఉంది. నేను జ్వరంలో ఉన్నాను. జ్ఞానయ్య తువ్వాలలో చుట్టి తీసుకుపోయాడు, ఖాళీ తువ్వాలతో వచ్చాడు. యాడ పెట్టినవయ్యా అని ఏడాదంతా అడిగాను. చెప్పలేదు. తర్వాత అడగడం మానేశాను. దోర్కా రాయడం ఆపి నా మొహం చూస్తోంది. రాయవే.

•

ఉప్పల్, 2 సెప్టెంబరు

మామ్మగారికి,

మీ తా.క. చదివి ఏమీ తీయలేదు. కానీ ఆ రెండో ఉత్తరం నేను పంపించింది కాదు. పాత పట్టికను చదవవద్దని సెట్టింగుల్లో అప్పటికే రాశాను. అయినా చదివింది. సంబంధం ఉంటే లాక్కొస్తుందేమోనని ఆ సంబంధాన్నీ తెంచాను. మళ్లీ చదివింది. శుక్రవారం ఉత్తరాల భాగమే ఆపేశాను.

అనుమానం తీరక తోటకు వెళ్లి అసలు రిజిస్టరు తీయించాను. 1969 నవంబరు: "ఆడపిల్ల. వయసు ఒక దినము. పేరు లేదు. చోటు 41. తెచ్చినది తండ్రి జ్ఞానయ్య." పక్కన ఆయన చెప్పి రాయించిన మాట: "నాకు, దీని తల్లికి ఇక్కడే చోటు ఉంచవలెను. తల్లికి చెప్పవద్దు. తెలిసిన నాటినుండి ఇక్కడే కూర్చుండిపోవును."

పట్టికలో పాప పేరు రాయాలి మామ్మగారూ. ఏమని రాయను?

మీ
హరిచందన

తా.క. శుక్రవారం నుంచి ప్రింటరు వైరు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. అన్నం తినేటప్పుడు కూడా బ్యాగు వదలడం లేదు.

•

నాచారం, 5 సెప్టెంబరు

బిడ్డా హరిచందనా,

నిండు వందనాలు.

పిల్లలు లేరని మొదటి ఉత్తరంలో రాయించాను. అది దిద్దు. ఒకరు.

నిన్న పోయి ఆ మూలన కూర్చున్నాను. నీళ్ల మూల ఇచ్చావని పదిహేనేళ్లుగా తిట్టిన తిట్లు జ్ఞానయ్య దగ్గర వాపసు తీసుకున్నాను. సగమే. చెప్పకుండా పోయినందుకు మిగతా సగం ఆయన మీదే ఉంది. పొద్దు గూకినదాకా కూర్చున్నాను. ఆయన అన్నది నిజమే, లేవబుద్ధి కాలేదు.

పేరు రాసుకో: మరియా. కడుపులో ఉన్నప్పుడే అనుకున్నాను. పైకి ఎవరికీ చెప్పలేదు, జ్ఞానయ్యకు కూడా. దోర్కా కూడా ఇప్పుడు రాస్తూనే మొదటిసారి వింటోంది.

నా తేదీ గడి మాత్రం ఎవరూ ముట్టొద్దు.

తా.క. దోర్కా ఆ పేరు రాసిందో లేదో, పోస్టాయన వచ్చాడు. మళ్లీ నీ కంప్యూటరు ఉత్తరమే. ఇవాళ గురువారం, కవరు మీద సోమవారం ముద్ర ఉంది. దోర్కా మొదటి మాట చదివి కాగితం కింద పెట్టేసింది. సీతారామయ్యను పిలిచి చదివించాను.

"మరియా తల్లి శ్రీమతి సారమ్మ గారికి. తల్లి పేరు గడి నిండినది. పక్క చోటు మీదే. మరణ తేదీ ఇప్పుడే అవసరం లేదు. నిమ్మళంగ రా, అమ్మా."

ఆ వైరు ఇంక ప్రింటరుకు పెట్టుకో బిడ్డా. దానికి వైరుతో పని లేదు. ఆ వచ్చిన ఉత్తరానికి నువ్వు జవాబు రాయకు. నేనే పోయి చెబుతాను, తొందరేం లేదు.

నేను చెప్పగా రాసి, చదివి వినిపించగా ఒప్పుకొని వేసిన ఎడమ బొటనవేలి నిశానీ:
సారమ్మ

సాక్షులు:
దోర్కా
సీతారామయ్య (కవరు మీద ముద్ర రెండుసార్లు చూసి సంతకం చేయడమైనది)